ఫొటో వెనక చీటీ

పెళ్లి అయిపోయింది. పందిరి విప్పేశారు. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలినవి రెండే... డబ్బా అడుగున కాసిని లడ్డూలు, కంప్యూటర్లో రెండు వేల ఫొటోలు. లడ్డూలు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఫొటోల సంగతే ఎటూ తేలలేదు.

వాటిలో సగం ఫొటోగ్రాఫరు ఇచ్చినవి. ఓ మూడొందలు న్యూజెర్సీ నుంచి వచ్చిన మేనమామ తన కెమెరాతో తీసినవి. మిగతావన్నీ అత్తయ్యలు, పిన్నులు, బావల ఫోన్లలోంచి వచ్చి చేరినవి. అన్నిటినీ ఒకే ఫోల్డర్లో వేసి తెరిస్తే ముందు అప్పగింతల్లో ఏడుస్తున్న పెళ్లికూతురు కనిపిస్తుంది. ఆ వెనకాలే గౌరీపూజ. ఆపైన భోజనాల బంతిలో ఎవరో పెరుగు వడ్డిస్తుంటారు. మళ్లీ జీలకర్ర-బెల్లం. పెళ్లి జరిగింది ఒకలా, ఫోల్డర్లో జరుగుతున్నది ఇంకోలా!

మామూలుగా అయితే ఇలాంటి ఫోల్డర్లు ఏ ఇంట్లోనైనా అలాగే ఉండిపోతాయి. తీరిక దొరికినప్పుడు సర్దుదాంలే అనుకుంటారు. ఆ తీరిక ఎప్పటికీ దొరకదు. ఈ ఇంట్లో మాత్రం అలా వదిలేయడానికి కుదరలేదు. పెళ్లయిన రెండు నెలలకే పెళ్లికూతురి తాతయ్య కన్నుమూశారు. ఫొటో దిగడమంటే ఆయనకు మహా మొహమాటం. కెమెరా కనిపిస్తే పక్కకు తప్పుకునే మనిషి. ‘పెళ్లిలో ఆయన ఉన్న ఫొటోలన్నీ ఏరి, జరిగింది జరిగినట్టు వరసలో పెట్టివ్వరా’ అని నానమ్మ అడిగింది. అడిగింది పెళ్లికూతురి తమ్ముణ్ని. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు.

రెండు వేల ఫొటోలను కళ్లతో చూసి సర్దే కంటే ఓ చిన్న ప్రోగ్రామ్ రాస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు వాడు. ఆ వయసు కుర్రాళ్లందరూ అలాగే అనుకుంటారు. నిజానికి వాడి ఆలోచన తప్పేమీ కాదు. ప్రతి డిజిటల్ ఫొటోకూ వెనకాల ఓ చీటీ ఉంటుంది. ఆ చీటీలో ఎప్పుడు తీశారన్నది రాసి ఉంటుంది. దాన్ని చదివి వరసలో పెట్టడమే!

చీటీలో ఏముంటుంది?

పాత ఆల్బమ్‌లోంచి ఓ ఫొటో ఊడదీసి వెనక్కి తిప్పితే నీలం సిరాతో రాసిన అక్షరాలు కనిపించేవి. ‘చిన్నోడి అన్నప్రాసన, 1974’ అనో, ‘తిరుపతి వెళ్లినప్పుడు’ అనో. రాసే అలవాటున్న ఇళ్లలో రాసేవారు, లేని ఇళ్లలో లేదు. డిజిటల్ ఫొటో విషయంలో ఆ పని కెమెరాయే చేసేస్తుంది, మనం అడగకుండానే. ఈ పద్ధతికి ‘ఎగ్జిఫ్’ అని పేరు. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం 1995లో దీన్ని మొదటిసారి విడుదల చేసింది. ఏ కంపెనీ కెమెరా అయినా వివరాలను ఒకే తీరులో రాయాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు మన జేబుల్లోని ఫోన్లు కూడా ఆ పద్ధతే పాటిస్తున్నాయి.

ఫొటో ఫైలు మొదట్లోనే, అసలు బొమ్మ మొదలవక ముందే ఈ చీటీ ఉంటుంది. జేపెగ్ ఫొటోల్లో దీనికి కేటాయించిన చోటు మహా అయితే 64 కిలోబైట్లు. అందులో రాసుండేవి మాటలు కావు, నంబర్లు. 271 అంటే కెమెరా చేసిన కంపెనీ. 272 అంటే మోడల్. 36867 అంటే ఫొటో తీసిన తేదీ, సమయం. 34853 కనిపించిందంటే ఆ ఫొటో ఏ చోట తీశారో కూడా రాసి ఉండే అవకాశం ఉందన్నమాట. ఒక్కో పద్దుకూ సరిగ్గా 12 బైట్లు. పద్దు నంబరు, అది అంకెనా అక్షరమా, ఎన్ని ఉన్నాయి, విలువ ఎంత... ఈ నాలుగూ ఆ పన్నెండు బైట్లలోనే సర్దుకోవాలి. విలువ పెద్దదై పట్టకపోతే ‘ఫలానా చోట చూడు’ అని రాస్తారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ‘వెనక పేజీ చూడుము’ అన్నట్టు!

వీటిలో 274 నంబరు పద్దుది తమాషా వ్యవహారం. కంప్యూటర్లో తెరిస్తే కొన్ని ఫొటోల్లో మనుషులు పక్కకు పడుకుని ఉంటారు. ఫోన్లో చూస్తే నిలబడే ఉంటారు. కారణం ఈ పద్దే. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలాసార్లు బొమ్మను అడ్డంగానే దాచి, చీటీలో ‘చూపించేటప్పుడు కుడివైపు తిప్పి చూపించు’ అని 6 అంకె వేస్తారు. చీటీ చదివే సాఫ్ట్‌వేర్ తిప్పి చూపిస్తుంది. చదవనిది పడుకోబెట్టేస్తుంది. అంతే తేడా.

చీటీ చదవబోయే ముందు మరో చిన్న మెలిక ఉంది. 5/4 అని రాస్తే మనకు ఏప్రిల్ 5. అమెరికాలో ఉన్న మేనమామకు మే 4. రెండూ సరైనవే, ఎవరి పద్ధతి వాళ్లది. అంకెలను దాచడంలో కంప్యూటర్ చిప్‌లకూ ఇలాంటి తేడాయే ఉంది. ఇంటెల్ వాళ్లది చిన్న స్థానం ముందు, మోటరోలా వాళ్లది పెద్ద స్థానం ముందు. అందుకే చీటీ మొదట్లో ‘ఐఐ’ అనో ‘ఎంఎం’ అనో రెండక్షరాలు వేస్తారు. మొదటిది ఇంటెల్ పద్ధతి, రెండోది మోటరోలా పద్ధతి. ఆ వెంటనే 42 అంకె ఉంటుంది. చదివేవాడికి 42 అనే కనిపిస్తే దారి సరైందని గుర్తు. ఆ రెండక్షరాలు చూడకుండా ముందుకు పోతే తర్వాత చదివేవన్నీ చెత్తే.

అన్నట్టు, ఫొటోగ్రాఫర్ పేరు, ఫొటో వివరణ లాంటి గడుల్లో చాలా ఏళ్లపాటు పద్ధతి ప్రకారం ఇంగ్లిషు అక్షరాలకే చోటు. 2023లో వచ్చిన ఎగ్జిఫ్ 3.0తో అక్కడ యూనికోడ్‌కూ వీలు దొరికింది. అంటే ‘అన్నప్రాసన’ అని తెలుగులోనే రాసుకోవచ్చు. నీలం సిరా రోజుల్లో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా చేసిన పనికి ఇన్నేళ్లు పట్టింది!

యాభై దాటదు

కుర్రాడు ఓ రాత్రి కూర్చుని ప్రోగ్రామ్ రాశాడు. ఫోన్లలోంచి వచ్చిన ఫొటోల మీద నడిపించాడు. మొదటి పది ఫొటోలకు తేదీలు టకటకా వచ్చాయి. ఇరవై, ముప్పై... కంప్యూటర్ ఫ్యాను గోల చేయడం మొదలెట్టింది. యాభై దాటిందో లేదో ‘మెమరీ చాలడం లేదు’ అంటూ ప్రోగ్రామ్ ఆగిపోయింది. మళ్లీ నడిపించాడు. మళ్లీ అక్కడే.

ఒక్కో ఫొటో ఫైలు 4 మెగాబైట్లు. యాభై ఫొటోలంటే 200. కంప్యూటర్లో ఉన్న మెమరీ 8 గిగాబైట్లు. ఎలా చూసినా చాలకపోవడమన్న మాటే రాకూడదు. తెల్లారాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న బాబాయికి ఫోన్ చేశాడు.

‘‘బాబాయ్, యాభై దాటగానే పడిపోతోంది.’’

‘‘తేదీ చదివేశాక ఆ ఫొటోను ఏం చేస్తున్నావురా?’’

‘‘లిస్టులో పెడుతున్నా.’’

‘‘ఎందుకు?’’

కుర్రాడి దగ్గర సమాధానం లేదు. తర్వాత పనికొస్తాయేమో అని పెట్టాడు. ఇంట్లో ఖాళీ హార్లిక్స్ సీసాలు దాచినట్టు.

ఇక్కడే లెక్క తప్పింది. ఫైలుగా ఉన్నప్పుడు ఫొటో మడతపెట్టిన చీర లాంటిది. 4 మెగాబైట్లలో సర్దుకుంటుంది. తెరిస్తే మాత్రం మడతలన్నీ విప్పి పరవాల్సిందే. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 4,000, నిలువుగా 3,000... మొత్తం కోటీ 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు. అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు, 36 మెగాబైట్లు. నాలుగు ముప్పై ఆరైపోయింది! పైగా కుర్రాడి ప్రోగ్రామ్ 32 బిట్ల పద్ధతిలో నడుస్తోంది. అలాంటి ప్రోగ్రామ్‌కు కంప్యూటర్లో ఎంత మెమరీ ఉన్నా విండోస్ మామూలుగా ఇచ్చే చోటు 2 గిగాబైట్లే. 2 గిగాబైట్లను 36 మెగాబైట్లతో భాగిస్తే యాభై చిల్లర. ప్రోగ్రామ్ ఆగిపోయిందీ అక్కడే. ముందు ఈ భాగహారం చేసుంటే ఆ రాత్రి నిద్రపోయేవాడు.

లిస్టు తీసేశాడు. ఈసారి 200 దాటింది. అమ్మయ్య అనుకునేలోపు పడిపోయింది. మళ్లీ నడిపిస్తే 340 దగ్గర. ఇంకోసారి 270 దగ్గర. ఎప్పుడూ ఒకే చోట పడిపోయే ప్రోగ్రామ్‌ను పట్టుకోవచ్చు. తలోసారి తలోచోట పడిపోయేదే తల నొప్పి.

దీన్నే మెమరీ లీక్ అంటారు. పేరులో లీకేజీ ఉంది గానీ నిజానికి ఎక్కడా ఏదీ కారదు. పెళ్లికి టెంట్ హౌస్ నుంచి కుర్చీలు, గుండిగలు, గంగాళాలు తెస్తాం. పని అయిపోగానే లెక్కపెట్టి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకుండా పెరట్లో ఓ మూల పడేస్తే ఇంట్లోవాళ్లకూ పనికిరావు, టెంట్ హౌస్‌వాడు ఇంకొకరికీ ఇవ్వలేడు. ఒకటీ రెండూ అయితే ఎవరూ గమనించరు. ప్రతి పెళ్లికీ పది చొప్పున పెరట్లోనే ఉండిపోతే ఏదో ఒకరోజు టెంట్ హౌస్ ఖాళీ అయిపోతుంది. ప్రోగ్రామ్‌లు కూడా కంప్యూటర్ దగ్గర మెమరీని ఇలాగే అరువు తెచ్చుకుంటాయి. తిరిగి ఇవ్వడం మరిచిపోతే వచ్చే జబ్బే ఈ లీకు.

పెళ్లి ఫొటోల దగ్గర అయితే ఓ కుర్రాడి నిద్ర పోతుంది. 1992లో లండన్‌లో ఇదే జబ్బు ఎక్కడ పట్టిందో చూడండి. ఆ నగరపు అంబులెన్స్ సర్వీస్ ఏ ఫోన్ కాల్‌కు ఏ బండిని పంపాలో చూసుకునే కంప్యూటర్ వ్యవస్థను అక్టోబరు 26న పూర్తిస్థాయిలో మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులూ గందరగోళమే. కొంత పనిని మనుషులకే అప్పగించి ఎలాగో లాక్కొచ్చారు. నవంబరు 4 తెల్లవారుజామున 2 గంటలు దాటాక మొత్తం వ్యవస్థ నెమ్మదించి బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టినా లేవలేదు. కంట్రోల్ రూమ్‌లోవాళ్లు కాగితం, ఫోన్, వైర్‌లెస్‌లతో బళ్లు పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత వేసిన విచారణలో కారణం బయటపడింది. దాదాపు మూడు వారాల కిందట ఓ ప్రోగ్రామర్ ఏదో మార్పు చేస్తూ చిన్న కోడ్ ముక్కను తీసేయడం మరిచిపోయాడు. ఒక్కో అంబులెన్స్ బయల్దేరినప్పుడల్లా ఆ ముక్క సర్వర్ మెమరీలోంచి కొంచెం తీసుకునేది. తిరిగి ఇచ్చేది కాదు. ఒక్కో బండికి పోయింది చిటికెడే. మూడు వారాలకు అంతా ఖాళీ! పరీక్షించే రోజున బాగానే ఉండి, నడుస్తూ నడుస్తూ ఎవరూ చూడని వేళ పడిపోవడం... ఈ జబ్బుకున్న చెడ్డ గుణం అదే.

గుమాస్తా, గోడౌను

మరి కుర్రాడి ప్రోగ్రామ్‌లో తిరిగి రానిదేది? లిస్టు తీసేశాడు కదా!

ఇప్పటి ప్రోగ్రామింగ్ భాషలు చాలావాటిలో ఓ గుమాస్తా ఉంటాడు. అవసరం తీరిపోయిన మెమరీని అప్పుడప్పుడూ ఊడ్చి కంప్యూటర్‌కు తిరిగి అప్పగించడం అతని పని. ‘చెత్త ఏరడం’ అనే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త లిస్ప్ భాష కోసం 1959 ప్రాంతంలోనే దీన్ని తీసుకొచ్చాడు. ఈ గుమాస్తా ఉన్నాడు కదా అన్న ధీమాతోనే కుర్రాళ్లు మెమరీ సంగతి పట్టించుకోరు.

కుర్రాడు రాసింది సీషార్ప్‌లో. అందులోనూ గుమాస్తా ఉన్నాడు. అయితే ఫొటో తెరిచినప్పుడు ఆ 36 మెగాబైట్లూ గుమాస్తా చూసే గదిలో ఉండవు. విండోస్‌కు చెందిన బొమ్మల విభాగం దగ్గర, వేరే గోడౌన్లో ఉంటాయి. గుమాస్తా బల్ల మీద ఉండేది ఆ గోడౌను తాలూకు రశీదు మాత్రమే. రశీదు ఎంత? చిన్న కాగితం ముక్క. ‘నాలుగు కాగితాలేగా, నిదానంగా ఊడుద్దాంలే’ అని అతను కూర్చుంటాడు. అవతల గోడౌను నిండిపోతుంటుంది. ఒక్కోసారి వేరే పని మీద చీపురు పట్టుకుంటే ఆ రశీదులూ పోయి గోడౌన్లో కాస్త ఖాళీ దొరుకుతుంది. ఎప్పుడు పట్టుకుంటాడో ఎవరికీ తెలియదు. అందుకే ఓసారి 200 దగ్గర, ఓసారి 340 దగ్గర పడిపోవడం!

దీనికి మందు ఒక్కటే. గుమాస్తా కోసం చూడకుండా, చదవడం అయిపోగానే ప్రోగ్రామే ఫొటోను మూసేయాలి. ఒక్క లైను. తెరిచిన చోటే ‘పని అయిపోగానే మూసెయ్’ అని రాయొచ్చు. అలా రాస్తే మధ్యలో ఏ తప్పు జరిగినా మూయడం మాత్రం జరుగుతుంది. మూయకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఫైలును ఎవరూ తుడిచేయలేరు, పేరు మార్చలేరు. ‘ఈ ఫైలు వేరే ప్రోగ్రామ్ వాడుకలో ఉంది’ అనే సందేశం చూడని కంప్యూటర్ వినియోగదారుడు ఉండడు. దాని వెనక చాలాసార్లు ఇలాంటి మతిమరుపే ఉంటుంది.

సరే, మూశాడు. జబ్బు నయమైందని తేలేదెలా? బాబాయి ఓ చిట్కా చెప్పాడు. రెండు వేల ఫొటోలు అక్కర్లేదు, ఒకే ఫొటోను పది వేల సార్లు చదివించమన్నాడు. టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో చూస్తూ ఉండాలి. మొదట్లో కాస్త పెరగడం సహజం. పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగి, మళ్లీ తగ్గి... రంపం పళ్లలా ఉంటే గుమాస్తా పని చేస్తున్నట్టే. మెట్లెక్కినట్టు పైకి పోవడమే తప్ప దిగడం లేకపోతే లీకు ఉన్నట్టు. ఒకే ఫొటోను ఎన్నిసార్లు చూసినా కొత్తగా దాచుకోవాల్సింది ఏమీ ఉండదు కదా! లీకు ఎక్కడో తెలియనప్పుడు ప్రోగ్రామ్‌లో ఒక్కో ముక్కా పక్కన పెడుతూ ఇదే పరీక్ష చేస్తే, ఏ ముక్క తీసేసినప్పుడు మెట్లు ఆగిపోతాయో దొంగ అక్కడ ఉన్నట్టు.

పెద్ద ప్రోగ్రామ్‌లకు ఈ కంటి పరీక్ష చాలదు. ప్రతి అరువుకూ లెక్క రాసి, చివర్లో తిరిగి రానివాటిని చిట్టా వేసి చూపే సాధనాలు ఉన్నాయి. వాటిలో బాగా పేరు తెచ్చుకున్న వాటిలో ఒకటి ‘ప్యూరిఫై’. దాన్ని అమ్మడానికి 1991లో ప్యూర్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టిన రీడ్ హేస్టింగ్స్ ఆ తర్వాత 1997లో ఇంకొకరితో కలిసి మరో కంపెనీ పెట్టాడు. నెట్‌ఫ్లిక్స్! రాత్రి సినిమా చూపించే సంస్థ వెనక మెమరీ లీకులు పట్టుకున్న మనిషి ఉన్నాడన్నమాట.

కుర్రాడి రంపం పళ్లు చక్కగా కనిపించాయి. రెండు వేల ఫొటోలూ పూర్తయ్యాయి. కానీ చాలాసేపు పట్టింది. మళ్లీ బాబాయే అడిగాడు.

‘‘ఉత్తరం ఏ ఊరి నుంచి వచ్చిందో చూడాలంటే ఏం చూస్తాంరా?’’

‘‘కవరు మీద ముద్ర.’’

‘‘మరి నువ్వు కవరు చింపి ఉత్తరమంతా ఎందుకు చదువుతున్నావు?’’

నిజమే. తేదీ కోసం కోటీ 20 లక్షల చుక్కలూ పరవాల్సిన పనేముంది? చీటీ ఫైలు మొదట్లోనే ఉంది. 4 మెగాబైట్ల ఫొటోలు రెండు వేలంటే 8 గిగాబైట్లు. మొదటి 64 కిలోబైట్లు చొప్పున చదివితే మొత్తం కలిపి 128 మెగాబైట్లే. బొమ్మ తెరవడమే లేనప్పుడు మూయడం మరిచిపోయే బెంగా లేదు. ఫైలును మూస్తే చాలు. ఇలా చీటీని మాత్రమే చదివే ఉచిత సాధనాలు కూడా ఉన్నాయి. 2003 నుంచి అందుబాటులో ఉన్న ‘ఎగ్జిఫ్‌టూల్’ అందులో పేరున్నది. అది వాడుకుని ఉంటే ఈ తంటా అంతా లేకపోయేది గానీ... సొంతంగా చేసుకుని చెయ్యి కాల్చుకుంటే గుర్తుండిపోతుంది. ఆ వయసులో అదీ చదువే.

అర్ధరాత్రి జీలకర్ర-బెల్లం

వరసలో పెట్టిన ఫొటోలు చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. ముహూర్తం ఉదయం 10 గంటల 32 నిమిషాలకు. మేనమామ తీసిన జీలకర్ర-బెల్లం ఫొటోలేమో అర్ధరాత్రి ఒంటిగంటకు జరిగినట్టు, పెళ్లికూతుర్ని చేయడం కంటే ముందు వచ్చి కూర్చున్నాయి. ఆయన కెమెరా గడియారం న్యూజెర్సీ సమయంలోనే ఉండిపోయింది. మే నెలలో అక్కడికీ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా.

చీటీలో సమయం రాస్తారు గానీ ఏ దేశపు సమయమో రాసే గడి చాలాకాలం లేదు. 2016లో వచ్చిన ఎగ్జిఫ్ 2.31లో దాన్ని చేర్చారు. అయినా అంతకు ముందు తయారైన కెమెరాలకు ఆ గడి సంగతే తెలియదు. మరెలా సరిచేయడం? పెళ్లిలోనే జవాబు దొరికింది. తలల మీద చేతులు పెట్టిన ఆ ఒక్క క్షణం ఫొటోగ్రాఫర్ దగ్గరా ఉంది, మేనమామ దగ్గరా ఉంది. ఒకటి 10:34, ఇంకొకటి 01:01. తేడా 9 గంటల 33 నిమిషాలు. అంటే దేశాల తేడా తొమ్మిదిన్నర గంటలు, మేనమామ గడియారం ఆలస్యం మరో మూడు నిమిషాలు. ఆయన ఫొటోలన్నిటికీ అంత కలిపితే అన్నీ వాటి వాటి చోట్లకు వచ్చేశాయి.

‘‘మావయ్యా, మీ కెమెరా మూడు నిమిషాలు స్లో’’ అని మెసేజ్ పెట్టాడు కుర్రాడు. ‘‘అందుకే ముహూర్తానికి ఆలస్యంగా వచ్చానని మీ అత్తయ్య ఇప్పటికీ అంటోంది’’ అని జవాబొచ్చింది.

తాతయ్య ఉన్న ఫొటోలు మొత్తం పదకొండు తేలాయి. పది వరసలో కూర్చున్నాయి. పదకొండోది మాత్రం కూర్చోలేదు. వధూవరుల మీద అక్షింతలు వేస్తూ, ఎప్పుడూ లేనిది నేరుగా కెమెరాలోకి చూస్తున్న ఫొటో అది. నానమ్మ అడిగింది ప్రత్యేకంగా దాని గురించే. దాని వెనక చీటీ ఖాళీ! అది వాట్సాప్‌లో వచ్చింది. ఫైలు పేరులో తేదీ ఉంది గానీ అది ఫొటో తీసిన రోజు కాదు, పెళ్లయిన నాలుగు రోజుల తర్వాతది. ఎవరో ఎవరికో పంపగా చేరిన రోజు.

వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే సైజు తగ్గించి, చీటీని చింపేసి పంపుతుంది. ఫేస్‌బుక్ లాంటివి కూడా జనానికి చూపే ఫొటోలోంచి చీటీ తీసేస్తాయి. ఇది చెడ్డ పనేమీ కాదు, మంచికే. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ చీటీలో అక్షాంశం, రేఖాంశం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లతో సహా ఉంటాయి. అక్షాంశంలో ఒక్క సెకను అంటే నేల మీద దాదాపు 31 మీటర్లు. ఏ ఊరో కాదు, ఏ ఇల్లో చెప్పేయొచ్చు. 2012లో యాంటీవైరస్ కంపెనీ స్థాపించిన జాన్ మెకాఫీ బెలీజ్ పోలీసుల కంటపడకుండా తిరుగుతున్న రోజుల్లో, వెంట ఉన్న ఓ అమెరికన్ పత్రిక డిసెంబరు 3న ఆయన ఫొటో పెట్టింది. ఎక్కడున్నారో రాయలేదు. రాయాల్సిన అవసరమే లేకపోయింది, ఫొటో వెనక చీటీలో గ్వాటెమాలా అక్షాంశాలు ఉన్నాయి మరి! రెండు రోజులకు అక్కడి పోలీసులు అక్రమంగా దేశంలోకి వచ్చాడని పట్టుకున్నారు. కంప్యూటర్ భద్రత పేరుతో కోట్లు గడించిన మనిషి.

చీటీలో ఇంకొకటి కూడా దాగి ఉంటుంది. తపాలా బిళ్లంత చిన్న నకలు బొమ్మ. గబగబా చూపించడానికి కెమెరా దాన్ని పెడుతుంది. 2003లో అమెరికాలో ఓ టీవీ వ్యాఖ్యాత తన ఫొటోలను ముఖం వరకే కత్తిరించి ఇంటర్నెట్‌లో పెట్టారు. కత్తిరించిన సాఫ్ట్‌వేర్ పెద్ద బొమ్మను కత్తిరించింది గానీ చీటీలోని చిన్న బొమ్మను ముట్టుకోలేదు. కత్తిరించక ముందు ఫొటో మొత్తం అందులో అలాగే ఉండి లోకమంతా చూసింది. పిల్లల ఫొటోలను అసలు ఫైలుగా ఎక్కడైనా అందరికీ కనిపించేలా పెట్టేవాళ్లు ముందు చీటీ తీసేయాలి. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌లోకి వెళితే అడుగున తీసేసే వీలు ఉంటుంది. ఫోన్లలో అయితే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్‌ను ఆపేయొచ్చు.

ఇంట్లోవాళ్ల మధ్య మాత్రం సంగతి వేరు. అక్కడ చీటీ పోతే నష్టం. అందుకే కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి ఫొటోలు ఇచ్చుకునేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపితే ఒక్క బైటు కూడా మారదు.

అక్షింతల ఫొటో ఎవరు తీశారో కనుక్కోవడానికి కుర్రాడికి రెండు రోజులు పట్టింది. పంపినవాళ్లను పట్టుకుని, వాళ్లకు పంపినవాళ్లను పట్టుకుని వెళితే చివరికి పెద్దత్తయ్య దగ్గర తేలింది. ఆవిడ ఈమధ్యే కొత్త ఫోన్ కొన్నారు. పాతది బీరువాలో ఉంది.

‘‘అమ్మేశారేమో అనుకున్నా అత్తయ్యా!’’

‘‘అమ్మబోతే నాలుగొందలు ఇస్తానన్నాడురా. అందులో నాన్న ఉన్నాడని ఊరుకున్నా.’’

ఛార్జింగ్ పెట్టి, డాక్యుమెంట్‌గా ఎలా పంపాలో ఫోన్లో చెబుతుంటే ఆవిడ మూడోసారికి పంపగలిగారు. చీటీ ఉంది. సమయం మధ్యాహ్నం 12 గంటల 41 నిమిషాలు. 274 పద్దులో 6. అక్షాంశం 16 డిగ్రీల 18 నిమిషాలు, రేఖాంశం 80 డిగ్రీల 26 నిమిషాలు... గుంటూరులోని పెళ్లి మండపం. తలంబ్రాల తర్వాత, భోజనాలకు ముందు వచ్చి కూర్చుంది.

ఆ ఆదివారం పదకొండు ఫొటోలనూ ప్రింటు వేయించి నానమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, అక్షింతల ఫొటోను వెనక్కి తిప్పి, పెన్ను అందించింది. ‘‘ఏ రోజో, ఎన్ని గంటలకో... రాయి’’ అంది.